గీ వారి అచ్చుకూటము

బ్రిటను ద్వీపమునకు పడమటి ప్రక్కను, సముద్రమునానుకొని, కొండలతోడను గొఱ్ఱెల మందలతోడను నిండిన చిన్న దేశము వేల్సు. మనలో పెక్కుమంది దానిని ఇంగ్లండులోని యొక మండలముగా నెంతురు గాని, ఆ దేశస్థుల యెదుట ఆ మాట యనినచో నొచ్చుకొందురు. వారి భాష వేఱు. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవారికి అందులో నొక్క వాక్యమైనను బోధపడదు. తమ దేశమును వారు కమ్రి యని పిలుచుకొందురు. ఆ వెల్షు భాషలో 135 సంవత్సరములు వెలువడిన యొక పత్రికను గూర్చియు, దానిని పెంచిన అచ్చుకూటమును గూర్చియు, ఆ అచ్చుకూటపు బరువును మోసిన రెండు కుటుంబములను గూర్చియు ఇచట వ్రాయదలచితిని. మొదటి కుటుంబమున తండ్రి, కుమారుడు, మనుమడు. రెండవ కుటుంబమున నొక భార్యయు భర్తయు. పిమ్మట భార్య యొక్కతెయే. సోదరీమణుల మనస్సునకు దగ్గఱగా నుండునది ఆ రెండవ భాగమే యైనను, మొదటిది తెలియనిదే ఆమె తలకెత్తుకొన్న భారమెట్టిదో తెలియదు.

చిన్న భాషలకు అచ్చు అనునది మొదటినుండియు పొరుగింటి పొయ్యిమీద వంటయే. వెల్షు భాషలో తొలి అచ్చుపుస్తకము 1546లో వెలువడెను. అది తయారైనది లండనులో. 1567లో విలియం సాల్స్‌బరీ యను పండితుడు బైబిలులోని క్రొత్త నిబంధనమును వెల్షులోనికి తెచ్చి, దానిని గూడ లండనులోనే అచ్చువేయించెను. అప్పుడొక చిత్రము జరిగినది. అంతకు ముందు వెల్షు వ్రాతప్రతులలో ‘కే’ అను అక్షరము విరివిగా నుండెడిది. ఇంగ్లీషులో దాని యవసరము తక్కువ. కావున లండను వారి అక్షరపు గళ్లలో వెల్షునకు చాలినన్ని ‘కే’లు లేకపోయెను. ఏమి చేయుదురు? వానికి మాఱుగా ‘సీ’ యను నక్షరమును వేసిరి. నేటికిని వెల్షు అక్షరమాలలో ‘కే’ లేదు. పండితులు కూడి నిర్ణయించుకొన్నది కాదు, వ్యాకరణము శాసించినది కాదు. పరాయివాని పెట్టెలో సరకు చాలక ఒక జాతి తన యక్షరము నొకదానిని పోగొట్టుకొన్నది. స్వంత అచ్చుకూటము లేనివారికి కలుగు నష్టమెట్టిదో దీనికంటె తేటగా చెప్పు నిదర్శనము నాకు వేఱొకటి కనబడదు.

ఆ కాలమున ఇంగ్లండు చట్టము లండను మొదలైన కొలదిచోట్ల దప్ప అచ్చుయంత్రమును నిలుపనిచ్చెడిది కాదు. 1695లో ఆ కట్టడి తొలగెను. అయినను వేల్సు నేలమీద స్థిరమైన అచ్చుకూటము వెలయుటకు 1718వ సంవత్సరము రావలసివచ్చెను.

ఇక మన కథ. ఉత్తర వేల్సులో క్లూయిడ్ యను నదీలోయ కలదు. ఆ లోయలో, పాడుపడిన కోటగల కొండను చేరి, డెన్బీ యను పట్టణమున్నది. అచటి మెథడిస్టు బోధకులలో పెద్దవాడైన థామస్ జోన్సు క్రైస్తవ మతమునకై ప్రాణములర్పించినవారి చరిత్రను గొప్ప గ్రంథముగా వ్రాయ సంకల్పించెను. పుస్తకము పెద్దది, అచ్చొత్తించుటకు దూరదేశము పంపి, తప్పులు దిద్దుకొనుచు కూర్చుండుట కష్టము. కావున నాయన 1808లో సమీపమునందలి రుథిన్ పట్టణమున స్వంత యంత్రమునే నెలకొల్పెను. పని తెలిసినవాడు కావలెను గదా! చెస్టరు పట్టణమున విద్య నేర్చిన థామస్ గీ యను ముద్రాపకుని పిలిపించెను. మఱుసటి యేట యంత్రము డెన్బీకి తరలినది. 1813లో గ్రంథము ముగిసెను. బోధకునకు యంత్రముతో పని తీఱెను. అచ్చుకూటము పనివానికే చెందెను. అది మొదలు దానికి గీ వారి అచ్చుకూటమను పేరు నిలిచినది.

ఈయనకు 1815లో జన్మించిన కుమారునకును థామస్ గీ యనియే పేరు. లోకము గీ యనినప్పుడు తలచునది ఈ చిన్న థామసునే. పదునాలుగవ యేట తండ్రి చేతిక్రింద పనికి కుదిరెను. అక్షరములు ఏఱుట, వరుసలు కూర్చుట, సిరా పూయుట, కాగితము తడుపుట, అన్నియు చేతితో నేర్చినవాడు. 1837లో లండనునకు పోయి, రాజముద్రాపకులైన ఐర్, స్పాటిస్‌వుడ్ అనువారి యొద్ద మెలకువలు నేర్చి, మఱుసటి సంవత్సరము ఇల్లు చేరెను. లండనులోనే నిలిచిన మంచి జీతము దొరికెడిది, ఆయన నిలువలేదు. 1842లో వివాహము చేసికొనెను. 1845లో తండ్రి గతింపగా వ్యాపారమంతయు నాతని భుజముల పైబడెను. 1847లో మతబోధకుడుగా దీక్ష పొందెను గాని బోధకు జీతము పుచ్చుకొనలేదు. అచ్చుకూటమే ఆయనకు జీవనము.

ఆ 1847వ సంవత్సరమే వేల్సు చరిత్రలో నొక చేదు సంవత్సరము. ఆ దేశమునందలి విద్యాస్థితిని విచారించుటకు లండను ప్రభుత్వమువారు మువ్వురు ఇంగ్లీషు న్యాయవాదులను పంపిరి. మువ్వురకును వెల్షు రాదు. వారు చేసిన నివేదికలో ఆ భాషయే ప్రజల యజ్ఞానమునకు మూలమనియు, ఆ దేశపు స్త్రీలు శీలము లేనివారనియు వ్రాసిరి. నీలి అట్టలతో వెలువడిన ఆ సంపుటములను వెల్షువారు నేటికిని ‘నీలిపుస్తకముల ద్రోహ’మని పిలుతురు. పురుషులను మూఢులనినప్పటికంటె తమ ఇల్లాండ్రను నిందించినప్పుడే ఆ జాతికి కోపము మిక్కుటమైనది. 1850లో ఒక యువ బోధకుడు స్త్రీలకై వెల్షులో తొలి మాసపత్రిక స్థాపించెను. అది రెండేండ్లే నడచినను, ఆ నింద యెంత లోతుగా నాటెనో దానివలన తెలియుచున్నది.

గీ తిట్టునకు తిట్టు బదులియ్యలేదు. వెల్షు భాషకు విజ్ఞానము చేతగాదను వారికి పదిసంపుటముల విజ్ఞానసర్వస్వమే బదులు. 1854లో మొదలిడి 1879లో ముగించెను. భాగములు భాగములుగా వెలువరించి, చందాదారుల యొద్ద కొంచెము కొంచెముగా వెల పుచ్చుకొనుచు, ఇరువదియైదేండ్లు విడువక నడపెను. దానికైన వ్యయము ఇంచుమించు 20,000 పౌనులు. పట్టణము చిన్నది, భాష చిన్నది, కొనువారిలో పెక్కురు కౌలురైతులును రాతిగనుల కూలీలును. ఇట్టి లెక్క చూచిన వర్తకుడెవ్వడును దానికి పూనుకొనడు. గీ పూనుకొనుటయే కాక 1889 నుండి 1896 వఱకు రెండవ కూర్పును గూడ అచ్చువేసెను.

పత్రిక మాట కిపుడు వత్తము. బ్రిటనులో చిరకాలము వార్తాపత్రిక పేదవానికి అందని ఫలము. ప్రతి సంచికకును ప్రభుత్వముద్ర వేయించి పన్ను కట్టవలెను, ప్రకటనలకు పన్ను, కాగితమునకు పన్ను. 1814లో స్వాన్సీ పట్టణమున పుట్టిన మొదటి వెల్షు వారపత్రిక ఈ భారముననే మఱుసటి యేట మూతపడెను. 1843లో లివర్‌పూలు నుండి ‘అమ్సెరాయ్’ అనగా ‘కాలములు’ అను పత్రిక వెలువడెను. పన్ను తప్పించుకొనుటకై దానిని కొంతకాలము నడిసముద్రమున నున్న మాన్ ద్వీపమునందచ్చువేసి తెచ్చిరన్న ఆ పన్నెంతటి పీడయో ఊహించుకొనవచ్చును. దాని సంపాదకుడు విలియం రీస్ ఒక ముసలి కాపు పలుకుబడిలో, పల్లెటూరి మాటలలో, లోకవ్యవహారములపై ఉత్తరములు వ్రాసెడివాడు. పండితులేమనుకొన్నను పల్లెలవారు ఆ ఉత్తరముల కొఱకే పత్రిక కొని చదివించుకొనిరి.

1853లో ప్రకటనల పన్నును, 1855లో ముద్రపన్నును ఎత్తివేసిరి. 1857 మార్చినెలలో గీ ‘బానెర్ కమ్రి’ అనగా ‘వేల్సు పతాక’ యను పత్రికను ఆరంభించెను. 1859లో ‘అమ్సెరాయ్’ని కొని దీనితో కలిపెను. 1861లో కాగితపు పన్నును పోయెను. ఆ యేటనే పతాక వారమునకు రెండుమాఱులు వెలువడసాగెను. లండనులో నుండి ‘విలేఖరి’ యను పేర వ్రాసిన జాన్ గ్రిఫిత్ అనునాతని జాబులు చదివి, కొండచాటు పల్లెలవారు పార్లమెంటులో జరుగుదానిని తమ యూరి రచ్చబండ మాటవలె తెలిసికొనిరి.

చదివిన మాట ఊరకుండదు. 1868 ఎన్నికలలో వేల్సు కౌలుదార్లు అనేకులు తమ భూస్వాముల యిష్టమునకు మాఱుగా ఓటువేసిరి. అప్పటికి ఓటు బహిరంగము. ఎవరెవరికిచ్చిరో అందఱకును తెలిసెడిది. తరువాత భూస్వాములు పెక్కుమందిని తరతరములుగా సాగుచేసికొన్న పొలములనుండి వెడలగొట్టిరి. ఓటువేసినది పురుషుడు, సామానులతో, పసిపిల్లలతో వీధిని పడినది కుటుంబమంతయు. పతాక ఆ యన్యాయములను బయటపెట్టెను. 1872లో రహస్యముగా ఓటువేయు చట్టము వచ్చినది.

ఇంతకంటె పెద్ద పోరు దశమభాగమును గూర్చినది. పంటలో పదవవంతు రాజమతమైన ఆంగ్లికను చర్చికి చెల్లవలెనని పూర్వపుటాచారము. 1836లో దానిని రొక్కముగా మార్చిరి. వేల్సు రైతులలో అధికసంఖ్యాకులు ఆ చర్చికి పోవువారు కారు. తమ ప్రార్థనామందిరములను తమ చందాలతో కట్టుకొన్నవారు. తాము అడుగుపెట్టని గుడికి ధూపదీపములకు సొమ్మిమ్మనినట్లుండెను. 1880 తరువాత ధాన్యము ధరలు పడిపోగా రైతులు తగ్గింపు కోరిరి; కొందఱు మతాధికారులు వినరైరి. 1886లో దశమభాగమును ప్రతిఘటించు సంఘమొకటి ఏర్పడెను. దానికి నాయకుడు డెబ్బది దాటిన థామస్ గీయే.

బాకీకై పశువులను జప్తుచేసి వేలమునకు పెట్టవచ్చిన అధికారులు వచ్చినచోటనెల్ల రైతులు గుమిగూడి అడ్డగించిరి. 1887 జూను నెలలో మోహ్‌డ్రె యను గ్రామమున పోలీసులకును ప్రజలకును కలహము జరిగి ఇరువైపుల పెక్కుమంది గాయపడిరి. పతాక రైతుల పక్షమున నిప్పులు గ్రక్కెను. నిజము చెప్పవలెనన్న, అందులో న్యాయముతో పాటు పక్షపాతమును ఉండెను. అచటి మతాధికారులలో సజ్జనులు లేకపోలేదు. వారి సంసారములకును ఆ రొక్కమే ఆధారము. గీకి ఆ వైపు చూచు ఓర్పు లేదు. ఆయన స్వభావమే కఠినము. 1891లో ఆ పన్ను కౌలుదారునుండి తీసికొనక భూస్వామి నుండియే తీసికొనవలెనని చట్టము వచ్చుటతో గొడవ చల్లాఱెను. అంతకు రెండేండ్లు ముందే, 1889లో, డెన్బీ మండలమునకు జిల్లాసభ తొలుత ఏర్పడినప్పుడు గీ దాని యధ్యక్షుడయ్యెను. 1898లో గతించెను. కుమారుడు హొవెల్ గీ వ్యాపారమును చేపట్టెను గాని 1903లో నాతడును పోయెను. కాలక్రమమున అచ్చుకూటము ఆ కుటుంబము చేయి దాటినది. పేరు మాత్రము మాఱలేదు.

1901వ సంవత్సరపు జనాభా లెక్కలలో వేల్సు ప్రజలలో సగమంది వెల్షు మాటాడువారు. అటుపిమ్మట ఆ సంఖ్య తఱుగుచు వచ్చెను. చదువరులు తఱిగినచో పత్రికకు బలమెక్కడిది? అట్టి దినములలో, 1935లో, గీ వారి అచ్చుకూటమును కొన్నవారు మారిస్ విలియమ్సు, కేట్ రాబర్ట్సు అను దంపతులు.

కేట్ 1891లో రోస్‌గాద్వన్ అను కొండపల్లెలో, పలకరాతి గనిలో పనిచేయు కూలివాని యింట పుట్టెను. బాంగరు కళాశాలలో వెల్షు చదివి 1913లో పట్టము పొంది, ఉపాధ్యాయిని యయ్యెను. మొదటి ప్రపంచయుద్ధమున తమ్ముడు గాయపడి 1917లో మరణించెను. ఆ దుఃఖమే తన్ను రచనకు పురికొల్పినదని ఆమె చెప్పుకొనెను. అబెర్‌డేర్ పట్టణమున బాలికల పాఠశాలలో 1917 నుండి 1928 వఱకు పనిచేసెను. 1928లో, ముప్పదియేడేండ్ల వయస్సున, తనకంటె తొమ్మిదేండ్లు చిన్నవాడైన మారిస్‌ను వివాహమాడెను. పెండ్లియైన స్త్రీకి బడిలో స్థానము లేదను నియమమచట నుండుటచే ఉద్యోగము పోయెను. పురుషునకు వివాహము గౌరవము పెంచును. బోధించుటకు అర్హతను తీసివేయదు. పదునైదేండ్లు పిల్లలకు చదువు చెప్పిన చేతికి మాత్రము మంగళస్నానముతో విద్య కడిగిపోవునా? ఉపాధ్యాయుల యిండ్లలో మెలగిన మాబోంట్లకు ఈ నియమమెంత వింతయో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మారిస్ ముద్రణపని తెలిసినవాడు. రచన యందును అభిలాష గలవాడు. ఇరువురును వెల్షు భాషకై, దేశస్వాతంత్ర్యమునకై ఏర్పడిన పక్షమున చేరినవారు; వారి పరిచయమును ఆ పక్షపు సభలోనే. కొంతకాలము బొగ్గుగనుల లోయలలో, ఉద్యోగములు లేక జనులలమటించు టోనిపాండీలో కాపురముండిరి. అచటినుండి డెన్బీకి వచ్చి అచ్చుకూటమును చేపట్టిరి. అప్పటికి కేట్ కథకురాలుగా పేరొందియే యుండెను. 1936లో ఆమె నవల ‘సంకెళ్లలో పాదములు’ వెలువడెను. గనికూలీల కుటుంబమొకటి తరము తరము పేదఱికముతో పెనుగులాడు కథ అది. 1937లో ఒక కథల సంపుటము వచ్చెను.

ఆ తరువాత పండ్రెండేండ్లు ఆమె పుస్తకము లేదు. 1949లో గాని మఱియొకటి రాలేదు.

ఈ పండ్రెండేండ్లును ఏమైనవి? అచ్చుకూటము తినివేసినది. యుద్ధము వచ్చెను, కాగితము లెక్క ప్రకారము కొలిచి ఇచ్చిరి. పతాకకు ఆమె క్రమముగా వ్యాసములు వ్రాసెను. పత్రికకు వ్రాయు వ్యాసము ఆ వారముతోనే తీఱిపోవును. వచ్చువారమునకు గల్లీ మరల ఖాళీగా నుండును. ప్రతిదినము పొయ్యి రాజవేయు మనకు ఆ శ్రమ తెలియనిది కాదు. వండినది నిలువయుండదు, వండకున్న గడవదు.

అయితే ఆ పత్రిక యంతటి త్యాగమునకు పాత్రమైనదా? ఒక్క యుదాహరణము చెప్పెదను. సాండర్సు లూయిసు అను పండితుడు 1936లో ప్రభుత్వము నిర్మించుచున్న విమానశిక్షణ స్థానమునకు నిరసనగా నిప్పుపెట్టి, తానే పోయి పోలీసులకు చెప్పి, చెఱసాల కేగెను. కళాశాలలో ఉద్యోగమును పోయెను. అట్టివానికి 1939 నుండి 1951 వఱకు పతాకలో ‘లోకగతి’ యను పేర వారము వారము స్థలమిచ్చిరి. యుద్ధకాలమున ఆయన యభిప్రాయములు పెక్కుమందికి కంటగింపు. ఆయన వ్రాసినదంతయు సత్యమని నేననను. కాని ఎదురుమాట చెప్పువానికి సొంతభాషలో నొక చోటుండుట, అదియు అట్టి దినములలో, సామాన్యమైన విషయము కాదు.

1946 జనవరిలో మారిస్ మరణించెను. ఆయనకు నలువదియైదేండ్లు. సంతానము లేదు. ఏబదినాలుగేండ్ల కేట్ ముందు రెండే దారులు. అచ్చుకూటమును అమ్మి, ఇంట కూర్చుండి కథలు వ్రాసికొనవచ్చును, లేదా నడపవచ్చును. ఆమె నడపెను. ఒక సంవత్సరము కాదు, పది సంవత్సరములు! పత్రికకు సంపాదకుడుగా గ్విలిమ్ జోన్సు అను కవి యుండెను. కాని యంత్రము, పనివారు, జీతములు, కాగితము వెల, రావలసిన బాకీలు, ఇవన్నియు యజమానురాలివే. పగలు లెక్కలు. వితంతువుకు మిగులు రాత్రి యెట్లుండునో ఆ రాత్రులలోనే ఆమె మరల కలము పట్టెను. సాండర్సు లూయిసు ఉత్తరములు వ్రాసి ప్రోత్సహించెను. ఆ స్నేహితుల లేఖలు ఇప్పుడు పుస్తకరూపమున నున్నవి.

1949లో వచ్చిన చిన్న నవల మంచము పట్టిన యొక స్త్రీ వ్రాసికొన్న దినచర్య. పూర్వపు కథలలో మనుష్యులు పేదఱికముతో పోరాడిరి. ఇందులో స్త్రీ తన మనస్సుతోనే పోరాడును. 1956లో ఆమె అచ్చుకూటమును వదలుకొనెను. ఆ యేటనే ‘నిద్రించు జీవము’ అను నవల వెలువడెను. భర్త మఱియొకతెతో వెడలిపోగా, ఇద్దఱు పిల్లలతో మిగిలిన యిల్లాలు మరల బడిలో పాఠములు చెప్పుకొనుచు, తన్ను తాను తెలిసికొనుటకు వ్రాయ మొదలిడు కథ. వివాహమాడినందున బడి పోగొట్టుకొన్న రచయిత్రి, భర్త విడిచిన నాయికకు బడి తిరిగి ఇచ్చినది. 1959లో చిన్నపిల్లల లోకమును గూర్చిన కథలు, 1960లో స్వీయచరిత్ర, పిమ్మట మఱికొన్ని. అఱువదియైదేండ్లు దాటిన తరువాత ఆమె వ్రాసినన్ని గ్రంథములు నడివయస్సున వ్రాయుటకు తీఱిక లేకపోయెను. వెల్షువారామెను తమ సాహిత్యమునకు రాణి యందురు. ఆ రాణి పదేండ్లు వరుసగా కూలిలెక్కలు చూచినదని వారిలోనే యెందఱు తలంతురో!

డెన్బీలో వెల్షు మాధ్యమమున పిల్లలకు బడి కావలెనని పోరాడినవారిలో ఆమె ముఖ్యురాలు. ఆ బడి ఇప్పటికిని నడచుచున్నది. ఆమె 1985లో, తొంబదినాలుగేండ్ల వయస్సున, డెన్బీలోనే కన్నుమూసెను. పతాక చేతులు మాఱుచు వచ్చి 1992లో ఆగిపోయెను. గీ వారి అచ్చుకూటము 2001లో మూతపడెను. 2021 జనాభా లెక్కలలో వెల్షు వచ్చునని చెప్పినవారు వేల్సులో నూటికి పదునెనమండ్రుకు కొంచెము తక్కువ.

అబెరిస్ట్‌విత్ పట్టణమునందలి వేల్సు జాతీయ గ్రంథాలయమువారు 1919 వఱకు గల పాత పత్రికల పుటలను ఛాయాచిత్రములు తీయించి, ఇంటర్నెట్టులో అందఱకును వెల లేకుండ చూడనిచ్చుచున్నారు. గీ వారి పతాకయు అందులో నున్నది. కేట్ రాబర్ట్సు కాగితములును ఆ గ్రంథాలయముననే యున్నవి.